గ్రీన్ అనేవాడు ఇక్కడ లేడు

మా ఆఫీసు మెయిల్ సర్వర్లో ఒక ఫైలుంది. వరసకొక ఈమెయిల్ అడ్రసు, పక్కన మూడంకెల నంబరు, ఆ పక్కన ఇంగ్లీషులో చిన్న వాక్యం. అంతకుమించి అందులో ఏమీ ఉండదు. ఆ ఫైల్లో ఉన్న అడ్రసుకి ఎవరు మెయిల్ పంపినా మా సర్వర్ పుచ్చుకోదు. నేనా పని చేతికి తీసుకున్న రోజున అందులో అరవై చిల్లర వరసలుండేవి. ఇప్పుడు మూడొందలు దాటాయి. కంపెనీలో పనిచేసేవాళ్ళు ఏనాడూ నూటయాభైకి మించలేదు. ఉన్నవాళ్ళకన్నా లేనివాళ్ళ జాబితాయే పెద్దది మాకు.

నిజానికి నేను మెయిల్ సర్వర్ల మనిషిని కాను, ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి. అంతకుముందు దాన్ని చూసుకునే అతను ఉద్యోగం మానేస్తూ "ఏం లేదు బాస్, నెలకోసారి చూస్తే చాలు" అని నాకు అంటగట్టి పోయాడు. నేనా ఫైల్లో మొట్టమొదట చేర్చిన అడ్రసు అతనిదే. ఈ రోజుల్లో మా అంత చిన్న కంపెనీ ఏదీ సొంతంగా మెయిల్ సర్వర్ నడుపుకోదు. గూగుల్‌కో మైక్రోసాఫ్ట్‌కో డబ్బు కట్టి నిశ్చింతగా ఉంటారు. మా పెద్దాయనకి మాత్రం తన ఉత్తరాలు తన ఇంట్లోనే ఉండాలని పట్టుదల. అలా కొండాపూర్‌లో ఒక బిల్డింగు నాలుగో అంతస్తులో, ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించని గదిలో, మా తపాలా కార్యాలయం నడుస్తోంది.

ఇలా అడ్రసుల్ని ఆపాల్సిన అవసరం ఏమిటంటే, మనిషి ఉద్యోగం మానేస్తాడు గానీ అడ్రసు మానదు. అతనెప్పుడో ఏదో సెమినార్లో రాసిచ్చిన విజిటింగ్ కార్డు, ఏదో వెబ్‌సైట్లో నింపిన ఫారం, అన్నీ చేతులు మారుతూనే ఉంటాయి. లోన్లు కావాలా, ట్రైనింగ్ కావాలా, టోనర్ కార్ట్రిడ్జిలు కావాలా అని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. పోనీ డబ్బా మొత్తం తీసేద్దామా అంటే కుదరదు. పాత ఉత్తరాలు ఆడిట్ వాళ్ళకి కావాలి, కొన్నేళ్ళు దాచాలి. డబ్బా ఉన్నంతకాలం సర్వర్ కొత్త ఉత్తరాలు కూడా అందులో వేస్తూనే ఉంటుంది. అందుకే ఈ ఫైలు. డబ్బా ఉంటుంది, అందులో తొమ్మిదేళ్ళ ఉత్తరాలుంటాయి, బయటివాళ్ళకి మాత్రం "అలాంటి మనిషి మాకు తెలీదు" అని చెప్తాం. ఈ చిన్న అబద్ధం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

లోపలికి రానిచ్చి ఆ తర్వాత తిప్పి పంపొచ్చు కదా అని మొదట్లో నాకూ అనిపించింది. ఒక శనివారం అలాగే చేసి చూశాను. వచ్చినవన్నీ పుచ్చుకుని, అక్కర్లేనివి "అందలేదు" అని రాసి వెనక్కి పంపమని సర్వర్‌కి చెప్పాను. సోమవారానికి మా సర్వర్ రెండు మూడు బ్లాక్‌లిస్టుల్లో ఉంది. స్పామ్ పంపేవాడు "ఫ్రం" దగ్గర తన అడ్రసు రాయడు కదా, ఎవరో అమాయకుడిది రాస్తాడు. మేం వెనక్కి పంపినవన్నీ ఆ అమాయకులకి చేరాయి. చెయ్యని నేరానికి వాళ్ళ ఇన్‌బాక్సులు మా తిరుగుటపాలతో నిండాయి. దీనికి మా వాళ్ళలో ఒక పేరు కూడా ఉంది, బ్యాక్‌స్కాటర్ అని. అప్పుడర్థమైంది, ఆపేదేదో గేటు దగ్గరే ఆపాలి.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చేసేది అదే. పార్సిల్ కుర్రాడు రాగానే "ఏ ఫ్లాటు, ఎవరికి?" అంటాడు. పేరు చెప్తాడు కుర్రాడు. అలాంటివాళ్ళు లేరంటే అక్కణ్ణుంచే బండి తిప్పుకుంటాడు. సంచీలో ఏముందో వాచ్‌మన్ చూడడు, చూడాల్సిన పనీ లేదు. సర్వర్లు కూడా అలాగే మాట్లాడుకుంటాయి. వచ్చిన సర్వర్ ముందు తన పేరు చెప్పుకుంటుంది. తర్వాత ఉత్తరం ఎవరి దగ్గర్నుంచో చెప్తుంది. తర్వాత ఎవరికో చెప్తుంది. ఈ మూడూ అయ్యాకే ఉత్తరంలోని అసలు విషయం కదులుతుంది. మేం మూడో మాట దగ్గర ఆపేస్తాం. అంటే మేం కాదన్న ఉత్తరంలో ఏముందో మాకు ఎప్పటికీ తెలీదు. లాగ్‌లో రెండు పేర్లు మిగులుతాయి, రాసినవాళ్ళది, చేరాల్సినవాళ్ళది. అంతే.

ఈ సంభాషణ ఎలా జరగాలో 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ అనే అమెరికన్ రాసిపెట్టాడు. ఆరెఫ్సీ 821 అంటారు దాన్ని. అందులో ఒక ఉదాహరణ ఉంది. ఆల్ఫా అనే కంప్యూటర్లో స్మిత్ అనే ఆయన బీటా అనే కంప్యూటర్లో ఉన్న ముగ్గురికి ఒక ఉత్తరం పంపుతాడు. జోన్స్‌కి అంటే బీటా 250 అంటుంది, అంటే సరే. బ్రౌన్‌కి అన్నా 250. మధ్యలో గ్రీన్‌కి అంటే మాత్రం 550 అంటుంది. అలాంటివాడు ఇక్కడ లేడు. ఉత్తరం మిగతా ఇద్దరికీ చేరుతుంది, కథ ముగుస్తుంది.

మొదటిసారి చదివినప్పుడు ఇది కథలానే అనిపించింది నాకు. ఎవరీ గ్రీన్? స్మిత్‌కి ఆ పేరు తెలుసు, మిగతా ఇద్దరితో కలిపి రాశాడంటే పరిచయం ఉన్నట్టే. ఎప్పుడు వెళ్ళిపోయాడు, ఎక్కడికి వెళ్ళాడు? 2001లో ఆ పత్రాన్ని తిరగరాశారు, 2008లో మళ్ళీ తిరగరాశారు. కంప్యూటర్ల పేర్లు మార్చారు. స్మిత్ ఉన్నాడు, జోన్స్ ఉన్నాడు, బ్రౌన్ ఉన్నాడు. గ్రీన్ రాత మాత్రం మారలేదు. నలభై ఏళ్ళ పైబడి అతన్ని గేటు దగ్గర్నుంచే లేడంటున్నారు. విచిత్రం ఏమిటంటే, పంపేటప్పుడు కచ్చితంగా ఉండు, పుచ్చుకునేటప్పుడు ఉదారంగా ఉండు అన్న సూత్రం కూడా ఈ పోస్టెల్ పేరు మీదే చలామణీలో ఉంది.

తెలుగులో "లేడు" అన్న మాట చాలా బరువులు మోస్తుంది. ఇంటికి ఎవరైనా వచ్చి అడిగితే "నాన్నగారు లేరండి" అంటే బజారుకెళ్ళారని కావచ్చు, పోయారని కావచ్చు. అందుకే మా అమ్మ ఎప్పుడూ "ఇంట్లో లేరు" అనమనేది, ఉత్తినే లేరు అంటే కసిరేది. సర్వర్ చెప్పే మాట అంతకన్నా దారుణం. మా ఫైల్లో 550 పక్కన తరతరాలుగా ఉన్న వాక్యం "యూజర్ అన్‌నోన్". లేడని కూడా కాదు. ఎవరో ఎరగం అని.

2021 వేసవిలో మా అకౌంట్స్‌లో పనిచేసే ఒకాయన కరోనాతో పోయారు. హెచ్చార్ నుంచి మామూలు పద్ధతిలోనే మెయిలొచ్చింది, అడ్రసు ఆపమని. మామూలు పద్ధతిలోనే ఆపాను. ఎరగం అని రాశాను. అప్పటికి ఆ మాట నాకు మాటలా కనిపించేది కాదు, సెమికోలన్ లాంటిదే ఏదో అనుకునేవాణ్ణి.

కనిపించిన రోజు వేరే ఉంది.

2023 ఫిబ్రవరి. ఆ ముందు నెలలోనే గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తీసేస్తున్నామని చెప్పాయి. అంత పెద్ద చెట్లు ఊగితే మాలాంటి మొక్కలకి గాలి తగలకుండా ఉంటుందా. ఒక మంగళవారం పొద్దున పదకొండున్నరకి హెచ్చార్ నుంచి నాకొక మెయిలొచ్చింది. పైన "కాన్ఫిడెన్షియల్", కింద "ఆఫ్‌బోర్డింగ్" (బోర్డు మీంచి దింపడం, పడవలో వెళ్తూ వెళ్తూ మధ్యలో), ఆ కింద పదకొండు పేర్లు. మధ్యాహ్నం మూడింటికి ఈ అడ్రసులు ఆగిపోవాలి. మూడింటికే వాళ్ళతో మీటింగ్.

ఏడో పేరు అన్నది.

అతనికి పేరుంది గానీ ఆఫీసులో సగం మందికి అన్నే. నాకన్నా ఐదారేళ్ళు పెద్ద, తొమ్మిదేళ్ళుగా అక్కడే ఉన్నాడు. నేను చేరిన కొత్తలో టెస్టింగ్ సర్వర్ అనుకుని అసలు సర్వర్లో డేటా చెరిపేస్తే, రాత్రంతా కూచుని బ్యాకప్‌లోంచి తెచ్చి, పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్ళి పడుకున్నాడు. నేను పుస్తకాల గురించి రాసేవన్నీ చదువుతాడు. "బాగానే ఉంది గానీ రా, నువ్వు చదివిన పుస్తకాలన్నీ ఒకే వ్యాసంలో చెప్పక్కర్లేదు" అంటాడు.

ఆ రోజు ఒంటిగంటకి ఎప్పట్లాగే కలిసి తిన్నాం. వదిన గోంగూర పప్పు పంపింది. అన్న వాళ్ళమ్మాయికి వేరే స్కూల్లో సీటు దొరికేలా ఉందని, ఫీజు ఎక్కువే గానీ ఏదో చేద్దామని, ఇంకా ఫారాలు నింపాలని చెప్తున్నాడు. ఫీజు ఎంతో కూడా చెప్పాడు. నా గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టుంది. ఊఁ అంటున్నాను. పప్పు బాగుందన్నాను.

రెండు యాభై ఎనిమిదికి పదకొండు వరసలూ ఫైల్లో పెట్టాను. పోస్ట్‌మ్యాప్ అని ఒక కమాండుంది, అది కొడితే ఫైలు అమల్లోకొస్తుంది. కొట్టాను. ఏ చప్పుడూ రాదు. సరిగ్గా జరిగిన పనికి యూనిక్స్‌లో చప్పుడుండదు, అదొక పద్ధతి.

మూడింటికి మీటింగ్ మొదలవ్వలేదు. పెద్దాయన ఏదో కాల్‌లో ఇరుక్కుపోయాడు. మూడుంబావు అయింది. ఆ పదకొండు మందీ వాళ్ళ వాళ్ళ సీట్లలో కూచుని కోడ్ రాసుకుంటున్నారు, టీ తాగుతున్నారు. నా సర్వర్ మాత్రం వాళ్ళెవరో తనకి తెలీదని ఊరందరికీ చెప్తోంది. లాగిన్లు ఆపడం వేరే అతని పని, అతను మీటింగ్ అయ్యాక ఆపుతాడు. అంటే కంపెనీ లోపల వాళ్ళున్నారు. బయటికి లేరు.

మూడూ ఇరవైకి అన్న నా దగ్గరికొచ్చాడు. నవ్వుతున్నాడు.

"ఏరా, సర్వర్‌కేమైనా అయిందా? మీ వదిన స్కూలు ఫారం ప్రింటు తీసుకురమ్మని మెయిల్ పంపిందంట. వెంటనే వెనక్కొచ్చింది. నేనెవరో మనవాళ్ళకి తెలీదంటోందంట. 'అదేంటి, ఉద్యోగం ఉందా లేదా' అని ఫోన్ చేసి ఒకటే నవ్వు."

ఇంట్లో ప్రింటర్ లేని వాళ్ళందరూ చేసే పనే అది. ఆఫీసు అడ్రసుకి పీడీఎఫ్ పంపడం. హెచ్చార్ ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు. మేం ఆపేది టోనర్ కార్ట్రిడ్జిల వాళ్ళని అనుకున్నాం.

నేనేమన్నానో ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "చూస్తానన్నా. ఓ ఐదు నిమిషాలాగి మళ్ళీ పంపమను."

సర్వర్ భాషలో దీన్ని 450 అంటారు. 550 అంటే కుదరదు, ఇక రాకు అని. 450 అంటే ఇప్పుడు కాదు, కాసేపాగి రా అని. 450 విన్న సర్వర్ ఉత్తరాన్ని పారేయదు, పక్కన పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వచ్చి అడుగుతుంది. మేం వాడే పోస్ట్‌ఫిక్స్‌లో అయితే మామూలుగా ఐదు రోజులు అలా తిరుగుతుంది. పంపినవాళ్ళకి ఈలోగా ఏమీ చెప్పదు. ఆ మధ్యాహ్నం నేను ఫైల్లో 550 బదులు 450 అని రాసుంటే, వదినకి ఏ తిరుగుటపా వెళ్ళేది కాదు. మీటింగ్ అయ్యేది, చెప్పాల్సినవాళ్ళు చెప్పాల్సిన మాట చెప్పేవాళ్ళు, ఆ రాత్రి నేను 550కి మార్చేవాణ్ణి. ఒక్క అంకె తేడా. నాకు తెలియని విషయం కూడా కాదు. అడ్రసులే చూశాను, వాటి వెనక ఎవరైనా ఇంట్లో కూచుని మెయిల్ రాస్తుంటారని తోచలేదు.

అన్న సీటుకి వెళ్ళగానే ఏడో వరసకి ముందు ఒక హ్యాష్ గుర్తు పెట్టాను. అలా పెడితే సర్వర్ ఆ వరసని పట్టించుకోదు. పోస్ట్‌మ్యాప్ కొట్టాను. ఇంచుమించు రెండు గంటల పాటు ఆ పదకొండు మందిలో ఒక్కడు ఉన్నవాడయ్యాడు. వదిన మళ్ళీ పంపింది, చేరింది. అన్న ప్రింటర్ దగ్గరికెళ్ళి ఫారం తీసుకుని, వెళ్తూ నాకేసి బొటనవేలు చూపించాడు. మిగతా పది మందికి ఎవరెవరి మెయిళ్ళు వెనక్కెళ్ళాయో నేను చూడలేదు. వాళ్ళ వరసలకి హ్యాష్ పెట్టలేదు కూడా. ఇది రాస్తుంటే ఇప్పుడనిపిస్తోంది, ఆ పని జాలితో చేసిందా, నా మొహం దాచుకోడానికి చేసిందా అని.

నాలుగున్నరకి పిలిచారు వాళ్ళని. ఐదుంబావుకి హ్యాష్ తీసేశాను.

అన్నకి మూడు నెలల్లో వేరే ఉద్యోగం వచ్చింది. అమ్మాయిని ఆ స్కూల్లోనే చేర్చారు, ఎలా కట్టారో అడగలేదు. ఈలోగా రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడుకున్నాం, వాతావరణం గురించీ మార్కెట్ గురించీ. అసలు మాట ఆ ఏడాది దసరాకి వాళ్ళింటికి వెళ్ళినప్పుడొచ్చింది. వదిన లోపలుంది. అన్న టీవీ సౌండ్ తగ్గించి అన్నాడు.

"నీకు పొద్దున్నే తెలుసు కదా?"

"పదకొండున్నరకి."

"అన్నం తింటున్నప్పుడు తెలుసన్నమాట."

"తెలుసన్నా."

"చెప్పకూడదులే, అది నీ ఉద్యోగం. నేనైనా చెప్పేవాణ్ణి కాదేమో." కాసేపు ఊరుకున్నాడు. "కానీ నేను నీ సీటు దగ్గరికొచ్చాక కూడా చూస్తానన్నావు చూడు, అదిరా. వెళ్ళి ప్రింటు తీసుకుని నీకు థాంక్స్ చెప్పా. నవ్వుకుంటూ మీటింగులోకి వెళ్ళా."

నా దగ్గర జవాబు లేదు. వదిన పళ్ళెంలో గారెలు తెచ్చి పెట్టి, "ఆ రోజు నీ సర్వరే నాకు ముందు చెప్పింది" అంది. నవ్వుతూనే అంది. "నేనది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా" అని కూడా అంది. ఎందుకో చెప్పలేదు.

తర్వాతి సంక్రాంతికి తెనాలి వెళ్ళాను. మా పెదనాన్న అక్కడ పోస్టుమేన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు, చెవి కాస్త మందం, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. అరుగు మీద కూచుని ఈ సంగతంతా చెప్పాను. ఈమెయిల్ ఆయనకి అక్కర్లేని విషయం, అయినా గేటు దగ్గర తిప్పి పంపడం అనగానే చెవి దగ్గరికి పెట్టాడు. "మేం అయితే ఊరికే తిప్పి పంపం రా. ఎందుకు తిప్పుతున్నామో ఎర్ర సిరాతో రాయాలి" అని వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చాడు. ఊరొదిలి వెళ్ళిపోతే లెఫ్ట్. ఇంట్లో ఉండి వద్దంటే రెఫ్యూజ్డ్. తలుపు తాళం వేసుంటే డోర్ లాక్డ్, అలాంటివి వారం దగ్గరుంచుకుని మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసేవాడట. చనిపోతే డిసీజ్డ్.

"అది మాత్రం వెంటనే రాయబుద్ధేసేది కాదు. ఇంటికెళ్ళి, 'అమ్మా, ఉత్తరం వచ్చింది, తీసుకుంటారా, తిప్పమంటారా' అని అడిగేవాణ్ణి. కొందరు తీసుకునేవాళ్ళు. కొందరు ముట్టుకునేవాళ్ళు కాదు."

"ఎవరో తెలీకపోతే పెదనాన్నా?"

"నాట్ నోన్ అని రాయాలి. రాశాను కొన్ని. కానీ ఒరే, నా బీట్‌లో ఒక మనిషి నాకు తెలీదని రాయడం నాకు నామోషీ. రెండు వీధులు అటూ ఇటూ అడక్కుండా ఆ మాట రాసేవాణ్ణి కాదు."

"మేం అందరికీ అదే రాస్తాం."

"తెలిసినోళ్ళక్కూడా?"

"తెలిసినోళ్ళకే."

పెదనాన్న నావైపు చూసి ఏమీ అనలేదు. లోపల్నుంచి పెద్దమ్మ అరిసెలు తినమని కేకేసింది.

పోస్టుమేన్ మీద తెలుగులో సాహిత్యం ఉంది. తిలక్ "తపాలా బంట్రోతు" అందరికీ తెలిసిందే. తిరిగొచ్చిన ఉత్తరం మీద మాత్రం నేను పెద్దగా ఏమీ చదవలేదు. నాకు గుర్తొచ్చింది మెల్విల్ 1853లో రాసిన "బార్టల్‌బీ". ఆఫీసు వదిలి ఎంతకీ కదలని ఒక గుమాస్తా కథ. అన్నీ అయిపోయాక చివర్లో కథ చెప్పే లాయరుకి ఒక వదంతి తెలుస్తుంది, ఆ గుమాస్తా అంతకుముందు వాషింగ్టన్‌లో డెడ్ లెటర్ ఆఫీసులో పనిచేశాడని. చేరని ఉత్తరాలు చేరే చోటది. ఇంజనీరింగ్‌లో ఉండగా చదివినప్పుడు ఆ ముగింపు అతికించినట్టుందని పెద్ద విమర్శకుడిలా నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మన తపాలా శాఖలో కూడా అలాంటి ఆఫీసులున్నాయి, రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసులని. చేరాల్సినవాళ్ళూ దొరక్క, పంపినవాళ్ళ చిరునామా కూడా పైన లేకపోతే, అక్కడ ఉత్తరం విప్పి చూస్తారు, లోపలేమైనా ఆచూకీ ఉందేమోనని. ఎవరో ఒకరు ఒక్కసారైనా చదువుతారు. మా దగ్గర ఆ మాత్రం కూడా లేదు. శుభ్రమైన పని, చేతికేమీ అంటదు.

హైదరాబాద్ వచ్చాక పాత పత్రాలు ముందేసుకుని కూచున్నాను. తీరా చూస్తే మా పెదనాన్న ఎర్ర సిరా మాటలు మాకూ ఉన్నాయి. 1982 నాటి పత్రంలోనే 551 అని ఒక జవాబుంది. అతనిక్కడ లేడు, ఫలానా చోట ఉన్నాడు, అక్కడికి పంపు అని చెప్పొచ్చు. స్పామ్ కాలంలో ఒకరి కొత్త అడ్రసు ముక్కూమొహం తెలియనివాళ్ళకి చెప్పడం ప్రమాదమని మేం దాన్ని వాడం, అది న్యాయమే. కానీ 550 పక్కన రాసే చుక్కల అంకెల్లో కూడా రకాలున్నాయి. 5.1.1 అంటే అలాంటి డబ్బా లేదు. 5.2.1 అంటే డబ్బా ఉంది, మూసేశాం. 5.1.6 అంటే ఇక్కణ్ణుంచి వెళ్ళిపోయారు, కొత్త చిరునామా మా దగ్గర లేదు. అచ్చంగా పెదనాన్న చెప్పిన లెఫ్ట్. ఇరవై ఏళ్ళ పైబడి అక్కడే ఉంది. మాకంటే ముందున్నవాళ్ళు 5.1.1 అని రాశారు, మేం కాపీ కొట్టాం, మా తర్వాత వచ్చేవాళ్ళూ కాపీ కొట్టేవాళ్ళే.

మాట్లాడకుండా మింగేసే మార్గం కూడా ఒకటుంది. డిస్కార్డ్ అంటారు. ఉత్తరం పుచ్చుకుని, 250 సరే అని చెప్పి, చెత్తబుట్టలో వేసేయడం. పంపినవాళ్ళు అందిందనే అనుకుంటారు. ఈ పని చేసేవాళ్ళలో దీన్ని చాలా నీచంగా చూస్తారు. 250 అన్నాక ఆ ఉత్తరం బాధ్యత నీది, చేర్చాలి, లేదా చేరలేదని చెప్పాలి, అది మొదట్నుంచీ ఉన్న నియమం. ఆ రోజు డిస్కార్డ్ పెట్టినా వదినకి ముందే తెలిసేది కాదు. కానీ ఆమె పంపిన ఫారం అందలేదన్నది కూడా తెలిసేది కాదు. నేను గోంగూర పప్పు తింటూ చేసింది ఇంచుమించు అదే.

రెండు వారాంతాలు కూచుని మూడొందల వరసలూ మార్చాను. మానేసినవాళ్ళకి 5.1.6, పక్కన "వీరు ఇప్పుడు ఇక్కడ పనిచేయడం లేదు, ఈ అడ్రసు మూసేశాం" అని, కింద రిసెప్షన్ ఫోన్ నంబరు. తెలుగులో రాయాలనుకున్నాను గానీ ఆ వరసలో మన అక్షరాలు నడవవు, ఇంగ్లీషులోనే రాశాను. అకౌంట్స్ ఆయనకి ఏం రాయాలో చాలాసేపు తెలీలేదు. వాళ్ళావిడకి ఫోన్ చేసి అడుగుదామా అనుకుని, ఏమని అడగాలో తోచక మానేశాను. పెదనాన్న అయితే వెళ్ళి అడిగేవాడు. చివరికి ఆయనకి కూడా మూసేశాం అనే రాశాను. అందరికన్నా పాత వరసల్లో కొన్ని పేర్లు ఎవరివో ఆఫీసులో ఇప్పుడున్న ఎవరికీ తెలీదు. వాటికి మాత్రం 5.1.1 అలాగే ఉంచాను. అక్కడది నిజం కాబట్టి.

ఇంకొక నియమం పెట్టుకున్నాను. మనిషికి చెప్పడం అయిపోయిందని హెచ్చార్ రాతపూర్వకంగా చెప్పేదాకా అడ్రసు ఆపను. ఎందుకని అడిగింది అప్పటి హెచ్చార్ అమ్మాయి. వదిన సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి సరేనంది. ఇప్పుడా అమ్మాయి పేరు కూడా ఆ ఫైల్లో ఉంది. చెప్పాకే ఆపాను.

పోయిన నెల లాగ్ చూస్తుంటే రోజూ ఉండే టోనర్‌లూ లోన్ల మధ్య ఒక వరస కనిపించింది. ఫ్రం దగ్గర వదిన అడ్రసు, టు దగ్గర అన్న పాత అడ్రసు, 550, 5.1.6. బహుశా ఫోన్‌లో మొదటి రెండక్షరాలు కొట్టగానే పాతదే పైకొచ్చి ఉంటుంది. టైము మధ్యాహ్నం పన్నెండూ పది. అన్నకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. సాయంత్రం తనే చేశాడు.

"ఏంట్రా?"

"ఏం లేదన్నా. వదిన నీ పాత అడ్రసుకి ఏదో పంపినట్టుంది. వెనక్కెళ్ళిపోయింది."

"అవునా? ఏం పంపింది?"

"తెలీదన్నా. మేం లోపల చూడం, కవరు మీద పేరు చూసి గేటు దగ్గరే ఆపేస్తాం."

"సరే, అడుగుతాలే." ఒక క్షణం ఆగాడు. "ఇప్పుడేమని చెప్తోంది మీ సర్వరు?"

చదివి వినిపించాను.

"ఫోన్ నంబరు కూడా పెట్టావా," అన్నాడు. "శనివారం వస్తావా ఇంటికి?"